గురువారం దాకా మూత తీయని సీసాలు

మా అమ్మాయి ఒళ్ళు వెచ్చబడితే నేను ముందు క్యాలెండరు వైపు చూస్తాను. థర్మామీటరు ఆ తర్వాత. సోమ, మంగళవారాలైతే బందరులో ఎవరుంటారో, గురు, శుక్రవారాలైతే ఎవరుంటారో, పెద్ద డాక్టరు గారు గుడివాడలో ఉండే రోజులేవో, అవనిగడ్డలో ఉండే రోజులేవో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ నిద్ర మాత్రం సరిగ్గా పట్టి చాలా కాలమైంది. ఇప్పుడు కూడా పిల్ల పక్కనే కూర్చుని, ఎడమచెయ్యి దాని వీపు మీద వేసి, కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఊపిరి తీరు మారితే తెలియాలి కదా.

దానికి నడక వచ్చిన కొత్తలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. మామూలు జలుబు, మామూలు జ్వరం. నేను వంటింట్లో దానికి అన్నం మెత్తగా కలుపుతున్నాను. వెనక్కి తిరిగేసరికి కళ్ళు పైకి వెళ్ళిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నేను బీఎస్సీ చదివాను. నాడీమండలం బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ క్షణంలో ఆ చదువు ఎక్కడికి పోయిందో తెలియదు. చేతికి అంటిన అన్నం కూడా కడుక్కోకుండా పిల్లని భుజాన వేసుకుని, కోనేరు సెంటరు వెనక సందులో ఉన్న పిల్లల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కంగారు పడలేదు. పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గౌను బొత్తాం విప్పి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. కొట్టుకోవడం దానంతటదే ఆగింది.

“జ్వరం ఫిట్స్ అమ్మా. కొంతమంది పిల్లలకి అయిదారేళ్ళు వచ్చేదాకా ఉంటాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పిల్లకేమీ కాదు. మీరు కూర్చోండి ముందు, మీరు పడిపోయేలా ఉన్నారు” అన్నారు.

ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ముక్కులో కొట్టమని ఒక స్ప్రే రాసిచ్చారు. ఆ స్ప్రే అప్పటినుంచీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. పెళ్ళికి వెళ్ళినా, కూరగాయల బజారుకి వెళ్ళినా ఉంటుంది. దాని పక్కన ఇంకో వస్తువు కూడా ఉంటుంది, ఉగ్గుగిన్నె.

బందరు వాళ్ళకైతే ఇది చెప్పక్కర్లేదు. ఆ డాక్టరు గారికి ఒక పద్ధతి ఉండేది. పిల్లలకి రాసే మందుల్లో పొడి మందు సీసాలుంటాయి. కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి, కలిపి పట్టాలి. కొందరు తల్లులు గీత దాటించి పోసేవారట, కొందరు పంపు నీళ్ళే పోసేవారట. అందుకని పక్క షాపునుంచి కంపౌండరు మందు తేగానే ఆయనే మూత తీసి, నీళ్ళు పోసి, బాగా ఊపి, మొదటి మోతాదు తన చేత్తోనే పిల్ల నోట్లో పోసేవారు. చెంచాతో పోస్తే పిల్లలు ఉమ్మేస్తారని ఉగ్గుగిన్నె. అందరికీ ఒకటే గిన్నె బాగోదని, ఎవరిది వాళ్ళు తెచ్చుకోమనేవారు. ఆయన గది ముందు బల్లల మీద కూర్చున్న తల్లుల సంచుల్లో పాలసీసా ఉన్నా లేకపోయినా ఉగ్గుగిన్నె ఉండి తీరేది.

ఆయన దాన్ని జాగ్రత్త కోసం పెట్టుకున్నారు. మా ఊరు దాన్ని హస్తవాసి చేసేసింది. ఆ చేత్తో మొదటి గుక్క పడితే చాలు, మిగతా మందు ఎవరు పోసినా పనిచేస్తుంది. ఆ చెయ్యి పడకపోతే సీసా మొత్తం తాగించినా అంతే. మా అత్తయ్య ఈ మాట ఎంత మామూలుగా చెబుతారంటే, ఇడ్లీ పిండి పులవాలని చెప్పినట్టు ఉంటుంది. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే ఉగ్గుగిన్నె తోమి, తుడిచి బ్యాగులో పెట్టుకునేదాన్ని.

ఒకరోజు టీకా వేయించడానికి వెళ్తే ఆయన, “వచ్చే నెలనుంచి ఈ సందులో ఉండనమ్మా” అన్నారు.

“అమ్మేశారా అండీ?” అన్నాను. విజయవాడ పెద్దాసుపత్రి వాళ్ళు ఆయన్ని అడుగుతున్నారని ఊళ్ళో అప్పటికే అనుకుంటున్నారు.

“అమ్మలేదు. కలిశాం. నేను, గుడివాడలో ఒక లేడీ డాక్టరు, అవనిగడ్డలో ఇంకో ఆయన. ముగ్గురం కలిసి ఒకే ఆసుపత్రి. మూడు ఊళ్ళలో మూడు శాఖలు.”

“ఎందుకండీ, మీకు పేషెంట్లు లేకనా?”

ఆయన పిల్ల తొడ మీద దూది అద్ది పట్టుకుని చెప్పారు. రక్తపరీక్ష రాస్తే విజయవాడ పంపాల్సి వస్తోంది, అది వచ్చేసరికి పిల్ల జ్వరం తగ్గడమో ముదరడమో అవుతోంది. సొంతంగా ల్యాబు పెట్టుకోవడం ఒక్కడివల్ల కాదు. నర్సు పని నేర్చుకోగానే పెద్దాసుపత్రికి వెళ్ళిపోతోంది. ఇన్సూరెన్సు కార్డులున్నవాళ్ళు రెండు గదుల క్లినిక్‌కి రారు, రానివ్వరు. గుడివాడ ఆవిడకీ అదే బాధ. వాళ్ళ నాన్నగారి క్లినిక్ నిలబెడదామని ఉద్యోగం మానుకుని వస్తే, జనం ఆవిడ గుమ్మం ముందునుంచే రైలెక్కి విజయవాడ వెళ్తున్నారు.

“మొన్న నాకే జ్వరం వచ్చిందమ్మా. చేతికి సెలైన్ పెట్టుకుని రెండో చేత్తో మీ పిల్లల్ని చూశాను. ఇంకెన్నాళ్ళు చూడగలను?”

“మరి మా పాపకి వేళకాని వేళలో ఫిట్స్ వస్తే?”

“ఒక నంబరిస్తాం. ముగ్గురిలో ఎవరో ఒకరు ఎత్తుతారు.”

“ఎవరో ఒకరా అండీ?”

“అవును. ఇప్పటిదాకా నేనొక్కడినే. నేను పెళ్ళికి వెళ్తే మీకెవరూ లేరు. అది ఆలోచించారా?”

నేను ఆలోచించలేదు. ఇంటికొచ్చే దారంతా ‘ఎవరో ఒకరు’ అన్న మాటే చెవిలో తిరిగింది. వచ్చే ఆ ఒకరికి నా పిల్ల కళ్ళు ముందు ఎడమవైపుకి వెళ్తాయని తెలుసా? జ్వరం వంద దాటకముందే వస్తాయని తెలుసా? మా ఆయనతో చెబితే, “ముగ్గురుండటం మంచిదేగా” అన్నారు. ఆయన చేపల మేత కంపెనీలో పనిచేస్తారు. వారంలో సగం రోజులు దివిసీమ చెరువుల గట్ల మీదే. ఆయనకి ఏ విషయమైనా ఫోనులో సిగ్నల్ ఉన్నంతసేపే గాభరా.

కొత్త ఆసుపత్రి బస్టాండుకి దగ్గర్లో తెరిచారు. మెట్ల దగ్గర టోకెన్లిచ్చే అమ్మాయి, ఏసీ, కంప్యూటరు, కింద ల్యాబు, మందులకి ఒక కిటికీ. కిటికీ దగ్గర కుర్రవాడు సీసాతోపాటు ప్లాస్టిక్ మూత ఇచ్చి, “గీత దాకా కలుపుకోండి” అని తర్వాతవాళ్ళని పిలిచేవాడు. ముగ్గురు డాక్టర్లూ వారాలు పంచుకున్నారు. సందులోని మా డాక్టరు గారిని ఇప్పుడు అందరూ పెద్ద డాక్టరు గారంటున్నారు, ఆయన బందరుకి గురు, శుక్రవారాలు. గుడివాడ ఆవిడ సోమ, మంగళవారాలు. మిగతా రెండు రోజులూ అవనిగడ్డ ఆయన. ఎవరు ఎవరినైనా చూడొచ్చు, పిల్ల సంగతి అంతా కంప్యూటరులో ఉంటుందని వాళ్ళ ఆలోచన.

జనం అలా ఆలోచించలేదు. ఒక బుధవారం పిల్లకి దగ్గు ఎక్కువైతే నేను గుడివాడ ప్యాసింజరెక్కాను, పెద్ద డాక్టరు గారు ఆ రోజు అక్కడున్నారని. పెట్టెలో చూస్తే అంతా మా ఊరి తల్లులే. ఒకావిడ ఉగ్గుగిన్నెని చీర కొంగులో ముడేసుకుని కూర్చుంది. తీరా గుడివాడ శాఖలోకి వెళ్తే హాలు నిండా బందరు వాళ్ళం. టోకెన్ల అమ్మాయి తల పట్టుకుంది.

“మీరందరూ ఇటొస్తే ఎలా అండీ? మా గుడివాడ వాళ్ళేమో, మా మేడమ్ అవనిగడ్డలో ఉన్నారని పొద్దున్నే బస్సెక్కి అటు పోయారు.”

“మీరూ బాగానే నమ్ముతారన్నమాట హస్తవాసి” అంది కొంగులో గిన్నె ఉన్నావిడ.

“హస్తవాసి కాదండీ, మా మేడమ్ బాగా చూస్తారు.”

“మేమూ అదే అంటున్నాం” అందావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ రైల్లో వచ్చేటప్పుడు పిల్ల ఒళ్ళు మూడుసార్లు తడిమి చూశాను. డాక్టరు దగ్గరికి చేరేలోపే, రైలు పొలాల మధ్యన ఆగిపోయినప్పుడు వస్తే ఏం చేయాలన్నదే నా ధ్యాస.

ఆ తర్వాత ఒక సోమవారం పిల్లకి గొంతు వాచి జ్వరం వచ్చింది. ఈసారి ప్రయాణం పెట్టుకోదలచుకోలేదు. బందరులో గుడివాడ ఆవిడ ఉన్నారు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవారేమో. నవ్వరు, గబగబా మాట్లాడతారు, కంప్యూటరు వైపే చూస్తూ అడుగుతారు. పొడి మందు రాశారు. నేను కిటికీ దగ్గర కొనుక్కుని ఇంటికొచ్చి నీళ్ళు కాచి చల్లార్చడానికి పెట్టాను.

అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. “మూత తీయకమ్మాయ్. గురువారం ఆయనొస్తారుగా.”

“గురువారం దాకా జ్వరం ఆగుతుందా అత్తయ్యా?”

“అంతదాకా జ్వరం చుక్కలు వేద్దాం.”

“చుక్కలు జ్వరాన్ని తగ్గిస్తాయి, గొంతులో చీముని తగ్గించవు” అని మూత తీసి నీళ్ళు పోశాను. సీసా ఊపుతుంటే ఆవిడ పర్సు తీసుకుని బయటికి వెళ్ళారు. కాసేపటికి ఇంకో సీసా పట్టుకుని వచ్చారు. అదే మందు, అదే కంపెనీ.

“నువ్వు పోసేది నువ్వు పొయ్యి. ఇది ఆయన చేత్తో విప్పిద్దాం. అదీ ఇదీ ఒకటేగా, ఆ బలం దీనిక్కూడా వస్తుంది.”

సీసా తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టాను. ఆ రెండో సీసా అక్కడ కనబడుతున్నంతసేపూ నాకూ కొంచెం ధైర్యంగానే ఉంది.

గురువారానికి పిల్ల గొంతు తగ్గింది, జ్వరం లేదు. అయినా అత్తయ్య పోరు పడలేక వెళ్ళాను. పెద్ద డాక్టరు గారి గది ముందు వరస మెట్ల దాకా ఉంది. వరసలో సగంమంది చేతుల్లో సీల్ తీయని సీసాలున్నాయి. నా ముందున్న అమ్మాయి ఒళ్ళో పిల్లాడు మూలుగుతున్నాడు.

“ఎప్పట్నుంచి జ్వరం?” అని అడిగాను.

“ఆదివారం నుంచక్కా. సోమవారం ఇక్కడే చూపించాం, ఆ మేడమ్‌కి.”

“మందు పని చేయలేదా?”

“ఇంకా మొదలెట్టలేదక్కా. ఆయన చేత్తో పోయిద్దామని.”

ఆ చేతుల్లో సీసాలు చూసి, నాలాగా వాళ్ళ ఇంట్లోనూ ఇంకోటి ఉంటుందనుకున్నాను. లేదు. వాళ్ళకున్నది అదొక్కటే. ఆ పిల్లాడి నుదురు ముట్టుకున్నాను, కాలిపోతోంది.

సరిగ్గా అప్పుడే గుడివాడ ఆవిడ మెట్లెక్కి వచ్చారు. ఆ రోజు ఆవిడ ఉండాల్సింది గుడివాడలో. తను సోమవారం చూసిన పిల్లల్లో కొందరికి జ్వరం దిగలేదని ఫోన్లు వచ్చాయట. మందు పట్టడం లేదేమో, ఇంకా గట్టి మందు ఇంజెక్షన్‌గా మొదలుపెట్టాలేమోనని పెద్దాయన్ని అడగడానికి వచ్చారు. వరసలో తన పేషెంట్లని చూసి ఆగారు. నా ముందున్న అమ్మాయిని, “ఎన్ని మోతాదులు పట్టారు? సీసా చూపించండి” అన్నారు.

ఆ అమ్మాయి చూపించింది. ఆవిడ సీసాని వెలుతురుకి ఎత్తి చూశారు. పొడి పొడిలాగే ఉంది. పక్కావిడ సీసా తీసుకున్నారు. అదీ అంతే. తర్వాత నాది.

“మీరూనా?” అన్నారు. “చదువుకున్నవాళ్ళలా ఉన్నారు.”

“మేడమ్, మా ఇంట్లో ఇంకో సీసా ఉందండీ. అది సోమవారమే కలిపాను. ఇది మా అత్తగారు...”

“రెండో సీసా ఎందుకు?”

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. “ఎంత జాగ్రత్తో చూశావా” అని ఒకావిడ అంది.

ఆవిడ సీసాలన్నీ పోగుచేసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళారు. తలుపు సగమే మూశారు. “నా మందు పని చేయట్లేదని రెండు రాత్రులు నిద్రపోలేదు సార్ నేను. ఒక పిల్లకి ఇంజెక్షన్ రాసేశాను కూడా” అనడం మా అందరికీ వినబడింది. మూలుగుతున్న పిల్లాడు ఏడుపు అందుకున్నాడు.

పెద్దాయన బయటికొచ్చారు. ముందు ఆ పిల్లాణ్ణి లోపలికి తీసుకున్నారు. సీసా మూత తీసి, నీళ్ళు పోసి ఊపి, గిన్నె గుడివాడ ఆవిడ చేతికిచ్చి, “మీరు పట్టండి డాక్టరుగారూ” అన్నారు. ఆ అమ్మాయి పిల్లాడి మొహాన్ని మెల్లిగా పెద్దాయన వైపు తిప్పుకుంది. కావాలని చేసినట్టు కూడా లేదు, చెయ్యి దానంతటదే తిప్పినట్టుంది.

గుడివాడ ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టేశారు. “ఈ నాటకాలు నా వల్ల కాదు సార్. నేను చదివింది వైద్యం” అని బ్యాగు తీసుకుని దిగిపోయారు.

ఆ పిల్లాడికి పెద్దాయనే మందు పోశారు. నా వంతు వచ్చేసరికి ఆయన అలిసిపోయి కనిపించారు. మా సీసా అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. “పిల్లకి తగ్గిందిగా. ఇదెందుకు విప్పడం, దండగ.”

“మా అత్తయ్య కోసమండీ.”

“మీ అత్తయ్య కోసమేనా?” అన్నారు. నేను తల వంచుకున్నాను. “చూడమ్మా, ఆవిడ వెళ్ళిపోతే ఈ ముగ్గురి కలయిక లేదు. ఇద్దరితో మూడు ఊళ్ళు నడపలేం. ఇది పోతే నేను మళ్ళీ ఆ సందులోకి రాలేను, ఓపిక లేదు. విజయవాడ వాళ్ళకిచ్చేసి ఇంట్లో కూర్చుంటాను. నా చెయ్యి కావాలని మీరంతా పట్టుబడితే అసలు నేనే ఉండను. ఈ మాట మీ వీధిలో చెప్పండి.”

చెప్పాను. అత్తయ్యకి చెప్పాను, పక్కింటి వదినగారికి చెప్పాను. విన్నారు. “పాపం, పెద్దాయన” అన్నారు. ఆ పైన ఎవరి ఆలోచన వాళ్ళదే. నాకు మాత్రం అప్పటినుంచీ కొత్త దిగులు పట్టుకుంది. సోమవారం వస్తే ఆసుపత్రి ముందునుంచి కూరలకి వెళ్ళేదాన్ని, గుడివాడ ఆవిడ కారు ఉందా లేదా చూడటానికి. ఉంటే కుదుటపడేదాన్ని. లేకపోతే కూరలు కొనకుండా తిరిగొచ్చేదాన్ని. ఆవిడ దగ్గరికి పిల్లని తీసుకెళ్ళే ధైర్యం చేశానా అంటే, అదీ లేదు. ఆవిడ ఉండాలి, మేము మాత్రం గురువారమే వెళ్ళాలి. మా వీధి మొత్తం అదే లెక్కలో ఉంది.

పోయిన నెల పిల్లని తీసుకుని పెడనలో పుట్టింటికి వెళ్ళాను. మా నాన్న కలంకారీ అద్దకం పనిచేస్తారు. ఇంటి వెనక షెడ్డులో పొడుగాటి బల్లలుంటాయి, వాటి మీద గోనెలూ పాత బట్టలూ పరిచి మెత్తగా ఉంటుంది. పిల్లకి అక్కడ ఆటే. అరిగిపోయిన చెక్క అచ్చు ఒకటి దానిక్కూడా ఇచ్చారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డల మధ్య తిరుగుతూ, కనబడిన ప్రతిదాని మీదా అచ్చు కొట్టేది. మంగళవారం పొద్దున అచ్చు పక్కన పడేసి వచ్చి నా ఒళ్ళో పడుకుంది. ముట్టుకుంటే వేడి. జ్వరం మందు కోసం బ్యాగు తెరుస్తున్నాను, కళ్ళు ఎడమవైపుకి వెళ్ళాయి.

దగ్గర్లో ఉన్న బల్ల మీదే పక్కకి తిప్పి పడుకోబెట్టాను. అమ్మ అరుస్తూ వచ్చింది. పనిచేసే ఆవిడ తాళాల గుత్తి తెచ్చి పిల్ల పిడికిట్లో పెట్టబోయింది. ఇంకెవరో ఉల్లిపాయ వాసన చూపించమంటున్నారు. నా ఫోనులో మొదటి నంబరు ఆసుపత్రిదే. నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తారు.

“చెప్పండి” అని గుడివాడ ఆవిడ గొంతు.

“మేడమ్, మా పాపకి ఫిట్స్... జ్వరం ఫిట్స్ అండీ, పెడనలో ఉన్నాం... పెద్ద డాక్టరు గారు...”

“ఆయన అవనిగడ్డలో ఉన్నారు. నేను బందరులో ఉన్నాను. మొదలై ఎంతసేపైంది?”

“ఇప్పుడేనండీ.”

“పక్కకి పడుకోబెట్టారా?”

“ఆఁ.”

“నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలూ అవీ పెడుతుంటే తీసేయమనండి. స్ప్రే ఉందా?”

“బ్యాగులో ఉందండీ.”

“తీసి చేతిలో పట్టుకోండి. ఇప్పుడే కొట్టొద్దు. నేను లైన్లోనే ఉంటాను, గడియారం నేను చూస్తాను. మీరు పాపని చూడండి. కళ్ళు ముందు ఎడమవైపుకే వెళ్ళాయా?”

నేను ఒక్క క్షణం ఫోను వైపు చూశాను. “అవునండీ. మీకెలా...”

“మీ నంబరుతో కంప్యూటరులో పాప సంగతి వచ్చింది, సార్ రాశారు. మీరు రెండో సీసా ఆవిడే కదా?”

“అవునండీ” అన్నాను. ఆ గాభరాలో కూడా సిగ్గేసింది.

“ఊఁ. ఊపిరి చూడండి. పొట్ట కదులుతోందా?”

కదులుతోంది. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. పెదాల రంగు, చేతులు, కాళ్ళు. స్ప్రే నా పిడికిట్లో చెమటకి జారిపోతోంది. కొట్టుకోవడం నెమ్మదించి ఆగింది. పిల్ల పెద్దగా నిట్టూర్చి నిద్రలోకి జారుకుంది. స్ప్రే అవసరం పడలేదు.

“తీసుకొచ్చేయండి. కింద ల్యాబువాళ్ళకి చెప్పి ఉంచుతాను” అని పెట్టేశారు.

ఆటోలో ఎక్కాక అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడ ఏడ్చారు. ఏడ్చి, ముక్కు చీదుకుని, “ఆటో అతనికి చెప్పు, అట్నుంచటే అవనిగడ్డ పోనిమ్మను. బందరు మీదుగానేగా. పెద్దాయన చేతిలో పెడితే మనకి దిగులుండదు” అన్నారు.

నాకూ ఆ మాటే మనసులో తిరుగుతోంది. చల్లపల్లి, మోపిదేవి, ఆ తర్వాత అవనిగడ్డ. మోపిదేవిలో దిగి స్వామికి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళొచ్చు అని కూడా అనిపించింది. పిల్ల నిద్రపోతోంది, ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. బందరు దగ్గరపడుతుంటే ఆటో అతను, “ఎటమ్మా, ఆసుపత్రికా, అవనిగడ్డ రోడ్డుకా?” అన్నాడు. ఫోనులో నా మాటలు విన్నట్టున్నాడు.

అవనిగడ్డ దాకా నా చేతుల్లో పిల్ల, నా పిడికిట్లో స్ప్రే, ఇంకెవరూ ఉండరు. ఇక్కడ ఒకరు మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నారు. నేను తిరస్కరించిన ‘ఎవరో ఒకరు’ ఆవిడే.

“ఆసుపత్రికే” అన్నాను.

ఆవిడ నిజంగానే కింద నిలబడి ఉన్నారు. చెవిలో లైటు వేసి చూసి, “ఇదిగో దొంగ ఇక్కడుంది” అన్నారు, చెవిలో చీము. రక్తం తీశారు, కూర్చుని ఉండగానే ఫలితం వచ్చింది, కంగారు పడేదేమీ లేదన్నారు. పొడి మందు రాశారు. నేను చీటీ పట్టుకుని లేస్తుంటే, “ఆగండి” అని కుర్రవాడిని పంపి సీసా పైకే తెప్పించారు. మూత తీసి, నీళ్ళు పోసి, బల్ల మీద మోచేతులు ఆన్చి ఊపుతూ అడిగారు.

“ఉగ్గుగిన్నె తెచ్చారా?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“అలా చూడకండి. నాకు నమ్మకం లేదు. కానీ నా కళ్ళముందు ఒక మోతాదు లోపలికి వెళ్తే, ఆ సీసా మూత తీసి ఉన్నట్టేగా. తర్వాత మీరు పోస్తారు. ఆ రోజే నాకు తట్టాల్సింది, కోపంలో తట్టలేదు” అన్నారు. “సార్‌కి చెప్పకండి. మురిసిపోతారు.”

బ్యాగులోంచి గిన్నె తీసిచ్చాను. ఆవిడకి పట్టడం రాదు. గిన్నె మరీ నిటారుగా పట్టుకున్నారు. అప్పటికి పిల్ల లేచి, నా భుజం మీద తల ఆన్చి ఆ గిన్నెకేసి అసహ్యంగా చూస్తోంది.

“నేను చంటిపాపనా?” అంది. చెయ్యి చాపి బల్ల మీదున్న ప్లాస్టిక్ మూత చూపించింది. “దాంట్లో తాగుతా.”

ఆవిడ నవ్వడం అదే నేను మొదటిసారి చూడటం. మందు మూతలోకి వంచి ఆవిడే పట్టుకుంటే, పిల్ల రెండు చేతులతో ఆవిడ వేళ్ళు పట్టుకుని తాగేసింది.

ఇంటికొచ్చాక అత్తయ్య పిల్లని ఒళ్ళో వేసుకుని తల నిమురుతూ కూర్చున్నారు. నేనే చెప్పాను, అవనిగడ్డ వెళ్ళలేదని, చెవిలో చీమని, మందు ఆవిడే కలిపి పట్టారని.

“ఆవిడ చేత్తోనే?”

“ఆవిడ చేత్తోనే.”

“మంగళవారం పూట మొదలెట్టారా మందు?” అన్నారు. మళ్ళీ, “ఆవిడ సోమవారం కూడా ఉంటారుగా బందరులో?”

“ఉంటారు.”

“అయితే ఇకనుంచి సోమవారం వెళ్దాం.”

“జ్వరం సోమవారమే వస్తుందా అత్తయ్యా?”

“చెబితే వినేదైతే చెబుదును” అని పిల్ల చెవికి గాలి తగలకుండా కొంగు కప్పారు.